వేపకొమ్మ మీద సెకండ్ హాఫ్

కూసోండ్రి, చాయ్ చల్లారకముందే చెప్త. వేపకొమ్మ మీద కూసొని, గండుచీమలు కుట్టంగ, తన సొంత టీమ్ ఓడిపోతుంటె పైనుంచి చూసినోడు మా జహనుమా బస్తీ మొత్తంల ఒక్కడే ఉన్నడు. ఆయన ఇప్పుడు మీ ముంగటనే చాయ్ తాగుతున్నడు. అప్పుడే నవ్వకుండ్రి, అసలుది ముందుంది.

నిన్న ఇదే హోటల్ల పక్క టేబుల్ కాడ నలుగురు ఫోన్లు పట్టుకొని మస్తు లొల్లి చేస్తున్నరు. ఫలానా ఆటగాణ్ణి ఇచ్చి అవతలి టీమ్ల ఫలానోణ్ణి తెచ్చుకోవాలె అని. ఇసొంటి తెలివి మీకంటె ముందు నాకే ఉండె బిడ్డా అనుకున్న.

డెబ్బైలల్ల మాట. నేను సర్కారు వర్క్‌షాప్ల ఫిట్టర్ని. పెండ్లి కాలే. మా అక్క లచ్చమ్మ, బావ నర్సింహ ఇంట్లనే ఉంటుంటి, అక్క చేతి కూడే తింటుంటి. బావ మా బస్తీ బాస్కెట్‌బాల్ టీమ్ల ఆడుతుండె. మనిషి పొట్టి, కని బంతి చేతికొస్తె ఎవ్వనికీ దొరకకపోతుండె. నాకు ఆట రాదు, మాటలు వస్తయ్. అందుకే నన్ను టీమ్ల రాతకోతల పనికి పెట్టిన్రు. వర్క్‌షాప్ల మిగిలిన ఇనుప సలాకతోని మా గ్రౌండ్ల రెండు రింగులు జేసింది గూడ నేనే. అందుల ఒకటి కొంచెం వంకరుండె, ఎవరన్న అడిగితె గాలికి గట్ల కనవడ్తది అని చెప్తుంటి.

మా గ్రౌండ్‌కు ఒక పక్క వేపచెట్టు. దాని మొదట్ల పోచమ్మ. చెట్టు కొమ్మ ఒకటి లావుగ ఆ వంకర రింగు మీదికి వంగి ఉంటుండె. అమ్మవారి చెట్టు గదా, ఎవరు ముట్టుకుంటరు? మావోళ్లు చిన్నప్పటిసంది బంతిని కొమ్మ కిందికెల్లి సక్కగ రింగు ఎనక బోర్డుకు కొట్టి రింగుల ఏసుడే నేర్చుకున్నరు. కొమ్మ ఉన్నదన్న సంగతే మాకు యాదికుండకపోతుండె. ఇంట్ల దర్వాజ చిన్నగుంటె యాది లేకుంటనే మనం తల వంచుతం గదా, గట్ల.

మా ఫికరంతా కిషన్‌బాగ్ బస్తీ టీమ్ మీద. ఆడ ఆంథోని అని ఒక పొడుగాటి మనిషి ఉండె. రింగు పక్కన నిలవడి చెయ్యి లేపితె చాలు. ఏటేటా వేరే గ్రౌండ్ మీద వాని చేతిలనే ఓడిపోతుంటిమి. ఇగ ఎండకాలం ఆటలు బందైనంక, ఎవరు ఏ టీమ్‌కు పోవాలెనో మాట్లాడుకునే దినాలొచ్చినయ్. మా టీమ్ పెద్ద రషీద్ భాయ్, నేను, ఇంకిద్దరు రోజూ హోటల్ల కూసొని అదే ముచ్చట.

ఒక దినం నేను బిస్కట్లు సాసర్లల్ల పెట్టి లెక్క చెప్పిన. ఈ సాసర్ మనది, ఆ సాసర్ కిషన్‌బాగ్‌ది. ఆ పొడుగు బిస్కట్ ఇటు రావాలె. మరి మనం ఏమియ్యాలె? వాళ్లు అడిగేది ఒక్కన్నే, మా బావను. బావ బిస్కట్‌ను ఏలుతోని మెల్లగ అటు జరిపిన. రషీద్ భాయ్ నా చెయ్యి పట్టుకున్నడు.

"సోచ్ లే మియా, బహనోయీ హై తేరా," అన్నడు. ఆలోచించుకో, నీ బావ గదా అని.

"టీమ్ ముందు బావ ఏంది భాయ్?" అన్న. గంత పెద్ద మాట. ఇప్పటికీ యాదికొస్తె నా నాలిక నాకే చేదయితది.

అంతటితోని ఆగిన్నా? నా తెలివికి ఇంకో తోక. పొడుగాయన వచ్చినంక మొదటి మ్యాచ్ కిషన్‌బాగ్‌తోని మా గ్రౌండ్ల్నే ఆడాలె, ఒప్పుకుంటెనే మార్పిడి అన్న. మా బస్తీల మా ముంగటనే వాళ్లను ఓడగొట్టాలె అని నా ఆశ. వాళ్లు ఒక్క మాట అనకుండ ఒప్పుకున్నరు. అంత జల్ది ఎందుకొప్పుకున్నరు అని నాకు శక్‌ రాలే. మార్పిడి చిట్టీ నా చేతితోనే రాసిన, నా అక్షరాలు ముత్యాలోలె ఉంటయ్ మరి.

బావ ఆ చిట్టీని చదివి, మడతపెట్టి నా చేతిలనే పెట్టిండు. "అడిగితె పోకుంటినా సత్తీ? అడగకుంట పంపినవు," అన్నడు. గంతే. తెల్లారి సైకిల్ తీసుకొని కిషన్‌బాగ్ ప్రాక్టీస్‌కు పోయిండు. ఎండకాలంకెల్లి దసరా దాంక మా ఇద్దరికీ మాటల్లేవు. అక్క గూడ మాట్లాడకపోయె. కంచం పెడ్తుండె, చారు పోస్తుండె, పోతుండె. బావ, నేను ఒకే ఇంట్ల, ఒకే చాపమీద కూసొని గోడ దిక్కు చూసుకుంట తింటుంటిమి. ఆటల గెలుస్తం గదా, అప్పుడు బావనే నవ్వుతడు అని మనసుకు సర్ది చెప్పుకున్న.

ఆంథోని మొదటి దినం ప్రాక్టీస్‌కు వచ్చిండు. మంచి మనిషి, నన్ను అన్నా అని పిలిచిండు. రింగు కాడ నిలవడి బంతిని అందంగ పైకి లేపిండు. బంతి పోయి కొమ్మకు తాకింది. ఆకులు రాలినయ్. మల్లా ఏసిండు, మల్లా ఆకులు. మూడోసారి పండువేపకాయలు రాలి ఆయన నెత్తిల పడ్డయ్. అందరు నా దిక్కు చూసిన్రు.

ఇంటికి పోయి అక్క కాళ్లకాడ కూసొని, ఆ కొమ్మను జరంత కొట్టిస్తం, అమ్మవారికి కోడిని కోస్తం అని బతిలాడిన. చెట్టుకు పసుపు కుంకుమ పెట్టేది అక్కనే. ఆమె చాటల బియ్యం చెరుగుకుంట తల అడ్డంగ ఊపింది. మాట గూడ ఖర్చు చెయ్యలే.

దసరా అయినంక మ్యాచ్. బస్తీ మొత్తం వచ్చింది. మొదటి హాఫ్ల మేము వేపచెట్టు దిక్కు వెయ్యాలె. ఆంథోని ఏస్తనే ఉన్నడు, ఆకులు రాలుతనే ఉన్నయ్. అట్లనే ఎట్లనో సమానంగ ఈడ్చుకొచ్చిన్రు మావోళ్లు. హాఫ్ల ఆఖరుకు ఏసిన బంతి పోయి రెండు కొమ్మల నడుమ ఇరికింది. ఉన్నది ఒకటే మంచి బంతి. నేను చెప్పులిడిచి, పోచమ్మకు దండం పెట్టి, ఆంథోని భుజాల మీద నిలవడి పైకెక్కిన. బంతిని కిందికి ఏసిన. జర ఊపిరి తీసుకొని చూసెటాల్లకు కింద ఆంథోని లేడు. సెకండ్ హాఫ్ మొదలయింది. దిగుదామంటె మొద్దు నున్నగుంది, గండుచీమలు లైన్‌గ వస్తున్నయ్.

అక్క చెట్టు కింద నిలవడి పైకి చూసింది. అయిదు నెలలకు నాతోని మాట్లాడింది.

"దిగకు సత్తీ. ఆడనే ఉండి చూడు."

చూసిన. దిక్కులు మారినయ్, ఇప్పుడు ఈ రింగుల ఏసేది కిషన్‌బాగోళ్లు. బావ బంతి తీసుకొని వచ్చుడు, కొమ్మ కిందికెల్లి, నా పాదాల కిందికెల్లి, సక్కగ బోర్డుకు కొట్టుడు. ఒకటా రెండా? ఆ కొమ్మ ఎంత కిందికుందో, నా రింగు ఎంత వంకరుందో ఆయనకు తెల్సినట్టు ఇంకెవనికి తెల్సు? చీమలు కుడుతున్నయ్, మేము ఓడిపోతున్నం. అయినా చెప్తున్న, ఒక్కసారి బంతి పడంగనే నేను కొమ్మ మీద సప్పట్లు కొట్టిన. కిందోళ్లు చూసి తిట్టిన్రు గూడ. ఏం చేస్త, గంత ముద్దుగ ఆడుతుండె మా బావ.

ఓడిపోయినం. అందరు పోతున్నరు, నన్ను ఎవ్వరు పట్టించుకుంటలేరు. బావ చెమటలతోనే వచ్చి చెట్టు కింద నిలవడి తన భుజం తట్టి చూపెట్టిండు. "కాలు పెట్టు," అన్నడు. పొట్టి మనిషి, నా కాలు అందలే. జారిన, ఇద్దరం కలిసి పోచమ్మ ముంగట దబ్బున పడ్డం. లేవకుండ ఆడనే కూసొని నవ్వినం, నవ్వుకుంటనే నేను ఏడ్చిన గూడ. తప్పయింది బావా అన్న. చీమ ఇంకొకటి మెడ మీదున్నది, ఆగు అన్నడు.

ఇప్పుడా గ్రౌండ్ లేదు, ఇండ్లు లేసినయ్. చెట్టు మాత్రం ఉంది. బావకు మోకాళ్ల నొప్పులు. ఆదివారం ఇద్దరం ఇట్లనే చాయ్‌కు వస్తం. నేను సాసర్ల బిస్కట్ ముట్టుకుంటె చాలు, ఆయన తన బిస్కట్ తీసి జేబుల ఏసుకుంటడు.

ఆ మ్యాచ్ ఓడిన మరుసటి ఎండకాలం బావను మల్లా తెచ్చుకుందామని, రషీద్ భాయ్‌తోని కిషన్‌బాగ్ పోయిన. ఈసారి బావను ముందుగల అడిగే పోయిన. కిషన్‌బాగ్ పెద్దమనిషి మంచిగ కూసోబెట్టి చాయ్ తాపిచ్చిండు. నర్సింహను ఇస్తం, ఆంథోనిని ఇయ్యుండ్రి, కని ఒక్క షరతు అన్నడు. ఏందని అడిగినం. ఆయన నా దిక్కు ఏలు చూపెట్టిండు.

"ఈయనను మాత్రం మీ టీమ్ల్నే ఉంచుకోవాలె, ఎన్నటికీ తీసెయ్యొద్దు."

రషీద్ భాయ్ అక్కడికక్కడే సంతకం పెట్టిండు.