జల్లెడ పట్టిన రేకుల పొడి

కుబ్రా బీ తోమిన గిన్నెలో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చని నేనెప్పుడూ ఆటపట్టించేదాన్ని. నారాయణఖేడ్‌లో మా గోడను ఆనుకునే వాళ్ల ఇల్లు. ఊరంతా సబ్బుకు మారినా ఆమె మాత్రం బూడిద, ఇటుక పొడి వదల్లేదు. సబ్బు వాసన అన్నంలోకి వస్తుందట! మొండి మనిషి. ఆ మొండితనమే కొంప ముంచింది.

కూతురు మెహక్ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పాత సిమెంటు రేకుల కింద పిల్ల ఉడికిపోతుందని కుబ్రా బీ భర్త మక్బూల్ భాయి ముందుగదికి స్లాబు పని మొదలుపెట్టాడు. దింపిన రేకుల్ని మేస్త్రీ వాకిట్లోనే మిషన్‌తో కోసి మేకల కొట్టానికి కప్పాడు. కోసినచోట బూడిదరంగు పొడి కుప్పపడింది. మైదాపిండి అంత మెత్తన. ఇంకొకరైతే ఊడ్చి పారేసేవాళ్లు. కుబ్రా బీ పారేస్తుందా? జల్లెడ తెచ్చి పట్టింది. మెహక్ పక్కనే పీట వేసుకుని డబ్బాలకెత్తింది. రెండు మధ్యాహ్నాలు తల్లీకూతుళ్లకు అదే పని. నాకూ ఒక డబ్బా వచ్చింది.

"రాగి చెంబు తోమి చూడు సుమిత్రా, బంగారమైతది" అంది కుబ్రా బీ. అయింది కూడా!

రెండో మధ్యాహ్నం నేనూ అక్కడుండగా మెహక్‌ను చూసిపోవడానికి ఆశా వర్కర్ రోజ వచ్చింది. ఇద్దరి కనురెప్పల మీదా దుమ్ము చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏందిది కుబ్రమ్మా? పాత రేకులదా? బంద్ చెయ్! అండ్ల ఆస్‌బెస్టాస్ ఉంటది. గా దుమ్ము లోపలికి పోతే మల్ల బయటికి రాదు. క్యాన్సర్ గూడ వస్తదని మా మీటింగుల చెప్పిన్రు."

కుబ్రా బీ గబగబా చీపురందుకుంది.

"ఊడ్వకు, లేస్తది! నీళ్లు చల్లి తడిబట్టతోని ఎత్తాలె. ముందుగాల పిల్లను అవుతలికి పంపు."

చీపురు కింద పడేసి కుబ్రా బీ తల పట్టుకుంది. "యా అల్లా! నా చేతులతోనే జల్లెడ పట్టిన. కడుపుతోని ఉన్న పిల్లను పక్కన కూసుండబెట్టుకోని పట్టిన గదా!"

నాకిచ్చిన డబ్బా గుర్తొచ్చింది. ఇంటికి పరిగెత్తి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, డబ్బాను తడి గోనెలో చుట్టేశాను. మరి ఎక్కడ పారేయాలి? ఎక్కడ పారేసినా ఎవరో ఒకరి పిల్లలు ఆడుకునే చోటే కదా!

అప్పటినుంచి మెహక్ పోపు ఘాటుకు దగ్గినా కుబ్రా బీ గరిటె వదిలేసి పరిగెత్తేది. పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. చివరికి దవాఖానకు పోదామంటే నేనూ తోడు వెళ్లాను. డాక్టరమ్మ ఓపిగ్గా విన్నది.

"రెండు రోజులే కదమ్మా, అంత పరేషాన్ కావద్దు. ఏండ్ల తరబడి పీల్చినోళ్లకే ముప్పు ఎక్కువ."

"ఇగ ఏం కాదని గట్టిగ చెప్పున్రి మేడం."

"అట్ల చెప్పలేనమ్మా. వస్తే ఇరవై ముప్పై ఏండ్లకు బయటపడ్తది. ఇప్పుడు ఏ పరీక్ష చేసినా కనబడది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎదురుగా వచ్చే జబ్బుతోనైతే కొట్లాడొచ్చు. ఇదేం దొంగ జబ్బు, ముప్పై ఏళ్లు దాక్కుంటుందట!

మెహక్‌కు ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోల బిడ్డ, బొద్దుగా ఉంది. ముందుగది నిండా చుట్టాలు, మిఠాయిలు, నవ్వులు. కుబ్రా బీ ఏదని లోపలికి వెళ్లి చూశాను. బిడ్డకు పాలిస్తున్న కూతురి వీపుకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని కూర్చుని ఉంది.

మెహక్ నన్ను చూసి నవ్వింది. "చూడు ఆంటీ, అమ్మీకి రోజూ గిదే పని. ముప్పై ఏండ్లకు గాని తెల్వదని డాక్టర్ చెప్పలేదా? ఇప్పుడేం వినవడ్తది?"

కుబ్రా బీ కళ్లు తెరవలేదు.

"అప్పటికి నేనుండ గదనే బేటీ. ఇప్పుడే విననియ్."