మంగాయమ్మ వేసిన వక్క

మంగాయమ్మ ఇడ్లీ బండి మా మెట్ల కిందే ఉంటుంది. బర్మాలో మా పేట ఈ పజుండౌంగ్, ఇక్కడ కాలువ వైపు వీధుల్లో ఆమె సాంబారు ఎరగనివాళ్ళు లేరు. బర్మావాళ్ళు దాన్ని గిన్నెతో ఎత్తి తాగేసి, మళ్ళీ పొయ్యమని చాపుతారు. భర్త ఓడరేవులో మూటలు మోసి మోసి, దగ్గుతో పోయాడు. మిగిలింది ఒక్క కొడుకు, సత్తిబాబు. ఇరవై రెండేళ్ళవాడు, ఫోన్లు బాగుచేసే కొట్లో పని. సత్తిబాబు అన్నది ఇంటి పేరే. బడిలో చేర్చేటప్పుడు రాయించింది మ్యో ఆంగ్ అని, గుర్తింపు కార్డు మీద ఉన్నదీ అదే. మా తెలుగువాళ్ళందరికీ ఇలాగే రెండేసి పేర్లు. బయటి పేరు ఇంట్లో ఎవరూ పలకరు.

కుర్రాళ్ళను తప్పనిసరిగా సైన్యంలోకి తీసుకునే చట్టం అమలు చేసిన దగ్గర నుంచి మంగాయమ్మ కొడుకుని వీధి మలుపు దాటి ఒంటరిగా పంపలేదు. తనే కొట్టుకి దిగబెట్టేది, తనే తీసుకొచ్చేది. వాడికి తలకొట్టేసినట్టుండేది. ఆమెకి సిగ్గుపడే తీరిక లేదు.

దేశానికి ప్రెసిడెంటు ఎవరన్నది మేం తేల్చేది కాదు. అది పైన ఎక్కడో తేలిపోతుంది, మాకు తర్వాత చెబుతారు. మా చేతిలో ఉన్నది నూకాలమ్మ గుడి సంఘం ప్రెసిడెంటు ఒక్కటే. పండక్కి ఏ మేళాన్ని పిలవాలి, కారుతున్న రేకు ఎప్పుడు మార్చాలి, ఇంతవరకూ ఆ పదవికి ఉన్న పని అంతే. ఈసారి ఆ చిన్న కుర్చీ దగ్గరికి పన్నూ యుద్ధమూ రెండూ వచ్చి నిలబడ్డాయి. వార్డు ఆఫీసువాళ్ళు గుడికి చెందిన ఇళ్ళన్నిటినీ ఒక గుంపుగా చేసి, సైన్యానికి బ్యాచికో మనిషిని మీరే ఇవ్వాలన్నారు. ఎవరిని ఇస్తారన్నది మీ ఇష్టం అన్నారు. మమ్మల్ని తినేసింది ఆ ఇష్టమే.

ఇద్దరు పోటీకి దిగారు. ఇనప సామాన్ల కొట్టు బుల్లియ్య గారు నెలనెలా ఇంటింటికీ పన్ను వేస్తానన్నారు. ఆ డబ్బుతో బ్రోకరు చేత బయటి మనిషిని మాట్లాడించి మన కుర్రాడి బదులు పంపుతారట. నది దాటించే దలా పడవ మీద టిక్కెట్లు చింపి రిటైరైన పోలయ్య పన్నే వద్దన్నాడు. అమ్మవారి ముందు చీటీలు తీద్దాం, బుల్లియ్య గారి అబ్బాయి పేరూ అందులో ఉండాలి, ముందు నా మనవడి పేరు రాయండి అన్నాడు.

నేను ఫిజిక్సు చదువుకున్నాను. చీటీల్లో ఒక పేరు వచ్చే అవకాశం ఎంతో లెక్క వేసి చూశాను. చాలా తక్కువే వచ్చింది. కానీ మా ఆయనకి ముప్పై రెండేళ్ళు, చట్టం ముప్పై అయిదు దాకా పట్టుకుంటుంది, మా పాపకి ఇంకా మాటలు రాలేదు. ఆ తక్కువలో మా ఆయన పేరుంటే అది తక్కువగా కనిపించదు.

మంగాయమ్మ ఏ లెక్కా వెయ్యలేదు. పోలయ్య రోజూ పొద్దున్నే ఆమె బండి దగ్గరే తింటాడు, వరసకి బావ. ఓ రోజు పాపకి ఇడ్లీ తినిపిస్తూ నేనూ బల్ల మీదే ఉన్నాను. నెలనెలా పన్నంటే నీకు బారం కాదేటి మంగా, అని అడిగాడు పోలయ్య.

“బారవే బావా. ఇడ్లీ సైజు తగ్గిత్తాను. కొడుకుని తగ్గించీలేను గదా.”

బల్ల మీదివాళ్ళు నవ్వారు. పోలయ్య నవ్వలేదు.

“డబ్బెట్టి కొన్న మనిషి సెట్టుకి కాత్తాడేటి? ఆడికీ ఓ తల్లుంటాది.”

“ఉంటాది. ఆడి కోసం ఆ తల్లి ఏడుత్తాది. నా కొడుకైతే నానే గదా ఏడవాల. ఎవులి ఏడుపు ఆలదే.”

ఆ మాట ఆ పూటే గుడి ఇళ్ళన్నీ తిరిగింది. తర్వాత ఆమే తిరిగింది, మధ్యాహ్నాలు బండి కడిగేసి. పన్ను కట్టీడానికి ఏదో తిప్పలు పడతాం, పోయిన కొడుక్కి తిప్పలు పడలేం అని ఆడవాళ్ళకి నచ్చజెప్పింది. మా సంఘంలో చేతులెత్తి ఓటేసే అలవాటు లేదు, మనస్పర్థలొస్తాయని. అమ్మవారి ముందు రెండు ఇత్తడి చెంబులు పెట్టి గుడ్డ కప్పుతారు. ఇంటికో వక్క. చెయ్యి గుడ్డ కిందికి పెట్టి ఏ చెంబులో వదిలావో నీకూ అమ్మవారికీ మాత్రమే తెలియాలి. మంగాయమ్మ మాత్రం వేసి వచ్చి అందరికీ చెప్పింది. పోలయ్య చెంబు ఒంపితే అరచేతిలో పట్టేటన్ని వక్కలే వచ్చాయి. నా వక్క అందులో లేదు.

మొదటి బ్యాచికే మనిషి దొరికాడు. పూజ అయ్యాక బుల్లియ్య గారు చెప్పారు, ఊరి చివర ఫ్యాక్టరీల పేట లైంగ్‌థార్యార్ కుర్రాడు, జో మిన్ థూ, పనిచేసే బట్టల ఫ్యాక్టరీ మూసేశారు, తనంతట తనే ఒప్పుకున్నాడు అని. ఎవరో బర్మా కుర్రాడు అనుకున్నాం. ఊపిరి పీల్చుకున్నాం. మంగాయమ్మ ఆ తెలియని వాడి పేరున కొబ్బరికాయ కొట్టించి, ఎవులి బిడ్డో సల్లగుండాల అని దణ్ణం పెట్టింది.

నాలుగు రోజులకి కోటిబాబు వచ్చాడు. మంగాయమ్మ తమ్ముడి కొడుకు. చిన్నప్పుడు ఈ బండి కింద గోనె పట్టా మీద పడుకుని పెరిగినవాడు. తండ్రి పోయాక తల్లి ఫ్యాక్టరీ పని చూసుకుని వాణ్ణి లైంగ్‌థార్యార్ తీసుకెళ్ళిపోయింది. కొత్త చొక్కా వేసుకున్నాడు. ఇంకో నాలుగెయ్యత్తా, మల్లీ ఎప్పుడో, అన్నాడు. ఎక్కడికిరా అంది. సైన్యంలోకి, ఎవరి బదులో వెళ్తున్నానని చెప్పాడు.

“మీ గుడోలేనంటత్తా. మంచోలే. ఒప్పుకున్నదంతా అమ్మ సేతికిచ్చీసినారు.”

మంగాయమ్మ గరిటె సాంబారులోనే ఉండిపోయింది. వాడి వైపు తిరిగి అడిగింది.

“కార్డు మీద నీ పేరేటిరా?”

“జో మిన్ థూ. తెల్దేటి నీకు?”

వాడు నవ్వాడు. ఆమె వాడి పళ్ళెంలో ఇంకో రెండు వేసింది. వాడు తిని, చెయ్యి కడుక్కుని, ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టి లైంగ్‌థార్యార్ బస్సెక్కాడు. వాణ్ణి కొన్నవాళ్ళలో తనూ ఉన్నానని ఆమె చెప్పలేదు.

బండి అలాగే వదిలేసి బుల్లియ్య గారి కొట్టుకి వెళ్ళింది. ఏమన్నారో తర్వాత తనే నాకు చెప్పింది. ఆయన కసురుకోలేదు, కూర్చోమని నీళ్ళిచ్చారు. ఇంకా రెండు రోజులుంది, ఆపించొచ్చు మంగాయమ్మా, అన్నారు. ఆ చోటుకి మాత్రం ఒకరుండాలి, సత్తిని పంపుతావా అని అడిగారు.

ఆమె నీళ్ళు తాగింది. గ్లాసు బల్ల మీద పెట్టింది. అక్కడి నుంచి తిన్నగా ఫోన్ల కొట్టుకి వెళ్ళి, పనిగంటలు అవకుండానే కొడుకుని ఇంటికి తీసుకొచ్చింది. వీధి పొడుగునా వాడి చొక్కా కొస వదల్లేదు.

మర్నాడు పోలయ్య మామూలుగానే వచ్చి తిన్నాడు. విషయం అతనికి తెలుసు, అందరికీ తెలుసు. మాటయినా అనకుండా డబ్బులిచ్చి లేచిపోయాడు. ఒక్క తిట్టు తిట్టినా బాగున్ను అంది మంగాయమ్మ నాతో.

కోటిబాబు ఫోను మొదట్లో మోగేది. ఇప్పుడు మోగదు. వాడి తల్లి ఒకసారి వచ్చి, మంగాయమ్మ బండి సామాను పెట్టుకునే మా మెట్టు మీద కూర్చుని వెళ్ళింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. మంగాయమ్మ ఇడ్లీలు నిజంగానే చిన్నవయ్యాయి.

మొన్న ఆదివారం రెండో బ్యాచికి మనిషి దొరికాడన్నారు బుల్లియ్య గారు. పేరు చెప్పారు, బర్మా పేరే. అందరూ తలూపారు. మంగాయమ్మ లేచి నిలబడింది.

“ఆడిని ఇంట్లో ఏటని పిలుత్తారు బాబూ?”

నాకెలా తెలుస్తుంది అన్నారాయన. ఆమె కొంగుముడి విప్పి, ఆ నెల పన్ను పళ్ళెంలో వేసింది. పళ్ళెం నా దగ్గరికి వచ్చింది. పాపని రెండో చేతికి మార్చుకుని నేనూ వేశాను.