మరలో పడని పురుగులు

పిండిమర ఆవిడ నోటికి జడిసి కుక్కలు కూడా ఆ గుమ్మం ముందు పడుకోవని వీధిలో చెప్పుకునేవారు. అది అబద్ధం. కుక్కలు హాయిగా పడుకునేవి, జడిసింది మనుషులే. గోధుమలు తెచ్చినవాళ్ళను వరసలో నిలబెట్టి కస్సుమనేది. సంచి మూతి విప్పి పెట్టలేదని ఒకరిని, తొందరపెట్టారని ఇంకొకరిని కడిగిపారేసేది. అంత తొందరైతే పక్క వీధిలో ఇంకో మర ఉంది, అక్కడికి పొమ్మని ముఖం మీదే చెప్పేది. అక్కడ పిండి బరకగా వస్తుంది గనక తిట్లు తిని కూడా ఇక్కడే నిలబడేవారు.

ఆలస్యానికి కారణం ఒక్కటే. ఎవరి గింజలైనా సరే, ముందు జల్లెడ పట్టి, చాటలో పరిచి, ముక్కుపురుగులను వేలికొసతో ఏరి రేకు డబ్బాలో వేస్తే గాని స్విచ్ వేసేది కాదు. ఇదంతా శుభ్రత కోసమని జనం అనుకునేవారు. శుభ్రత మీద ఆవిడకంత పట్టింపేం లేదు. మరగది మూలల్లో బూజు వేలాడుతుండేది, సాలీళ్ళున్నాయని దులిపేది కాదు. పెళ్ళయిన కొత్తలో భర్త పుచ్చు గింజలను పురుగులతో సహా తొట్టిలో పోయడం చూసింది. మర హోరులో ఏమీ వినపడలేదు. అన్ని ప్రాణాలు పోతుంటే చిన్న చప్పుడైనా లేకపోవడం ఆవిడ తట్టుకోలేకపోయింది. ఆరేళ్ళ కింద భర్త పోయి మర తన చేతికి వచ్చాక, ఒక్క పురుగును కూడా రాళ్ళ మధ్యకు పోనివ్వలేదు. మనుషుల మీద మాత్రం ఆ జాలి లేదు. వాళ్ళకు నోరుంది, వాళ్ళ తిప్పలు వాళ్ళు పడతారనేది.

మధ్యాహ్నం మర ఆపి, డబ్బా తీసుకెళ్ళి వెనక గోడ వారన గుమ్మరించేది. రోజూ అదే తంతు.

ఆ గోడకు అవతల ధాన్యం కొట్టు గిడ్డంగి. ఆ కొట్టు షావుకారే మరగదికి కూడా యజమాని. ఆయనకు ఈవిడంటే గిట్టదు, ఈవిడకు ఆయన పేరెత్తితే ఒళ్ళుమంట. ఏళ్ళ తరబడి ఆయన సరుకుకు పురుగు పడుతూనే ఉంది. మందులు పెట్టాడు, సరుకు పంపినవాళ్ళతో తగవులు పడ్డాడు. చివరికి ఒక పొద్దున సంచులు మోసే హమాలీ మీద విరుచుకుపడ్డాడు. సంచులు ఎండకు వేయడం లేదనీ, చెక్కలు పరవకుండా నేల మీదే పడేస్తున్నాడనీ వీధంతా వినేలా అరిచి, రేపట్నుంచి రావొద్దన్నాడు.

హమాలీ నెమ్మదస్తుడు. బరువు నెత్తిన ఉన్నా చీమల బారు కనిపిస్తే అడుగు దాటించి వేసే మనిషి. అది చూసిందో ఏమో, ఆ వీధిలో మర ఆవిడ తిట్టని మనిషి అతనొక్కడే. ఆ పూట మాత్రం నోరు ఆగలేదు. గుమ్మంలోకి వచ్చి, ఆ నాలుగు సంచులు ఎండలో వేయడానికి నీకేం రోగమని తనూ ఒక మాట విసిరింది. అతను ఆవిడ వంక చూశాడు. తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం డబ్బా గుమ్మరించి తిరగబోతుంటే చెప్పు తెగింది. అక్కడే చతికిలబడి దాన్ని సరిచేసుకుంటూ గోడ వైపు చూసింది. పురుగులు కాసేపు అటూ ఇటూ తిరిగి, ఒక్కొక్కటే గోడెక్కుతున్నాయి. రెండు ఇటుకల మధ్య పగులు దాకా వెళ్ళి లోపలికి దూరుతున్నాయి. ఆ పగులుకు అవతల ఉన్నవి షావుకారు ధాన్యం సంచులే.

గమ్మునుంటే సరిపోతుంది. రేపట్నుంచి డబ్బా ఇంకోచోట పోస్తే పురుగు తగ్గుతుంది, హమాలీని తీసేయడం వల్లే తగ్గిందని షావుకారు మురిసిపోతాడు. చెబితే గది పోతుంది. తన నోటి సంగతి తెలిసి ఇంకెవరూ గది ఇవ్వరు, మర తప్ప తనకింకో పని రాదు. సాయంత్రం దాకా మర వేయలేదు. వరసలో ఉన్నవాళ్ళు గొణిగినా పల్లెత్తు మాట అనలేదు. ఆవిడకేమైందోనని వాళ్ళకే భయం పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే కొట్టుకు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. షావుకారు నమ్మలేదు. హమాలీ మీద అంత జాలెందుకు పుట్టుకొచ్చిందో అని నలుగురూ వినేలా వెటకారంగా నవ్వాడు. ఆవిడ ఆయన్ని మర వెనక్కి తీసుకెళ్ళి, ఆ పొద్దున ఏరిన పురుగులను గోడ వారన పోసింది. కొట్టులోని జనం కూడా వెంట వచ్చారు. అందరూ నిలబడి చూస్తుండగానే మొదటి పురుగు పగులు చేరింది.

షావుకారు ముఖం కందగడ్డయింది. మిగిలినవాటిని చెప్పుకాలితో రాసిపడేశాడు. ఆవిడ చూస్తూ నిలబడింది. వద్దనే మొహం తనకు లేదని ఆవిడకు తెలుసు.

"నా సొమ్ముతో పురుగుల్ని మేపావన్నమాట."

"మేపాను. తప్పు నాది. అతన్ని పిలిపించండి."

"పిలిపిస్తా. నువ్వు గది ఖాళీ చెయ్."

హమాలీ తిరిగొచ్చిన రోజు షావుకారు చెప్పిన మొదటి పని, మర సామాను బయటికి చేర్చడం. బెల్టు విప్పాడు, తొట్టి దింపాడు, రాళ్ళు ఊడదీశాడు. ఆవిడ జల్లెడలు సర్దుకుంటూ, సంచులు రోజూ ఎండకు వేస్తూనే ఉన్నావట కదా, ఆ మాట ఆయన ముఖాన ఎందుకు కొట్టలేదని కసిరింది.

అతను రాయి నేల మీద దింపి ఒగరుస్తూ నిలబడ్డాడు.

"ఆయన తిట్టినప్పుడు చెబుదామనే అనుకున్నానక్కా. ఈలోగా మీరు కూడా అన్నారు. ఇన్నేళ్ళలో మీరు నన్నొక్క మాట అని ఎరగరు. మీరే అన్నారంటే తప్పు నాలోనే ఉందేమో అనుకున్నా."

ఆవిడ జల్లెడలు పక్కన పెట్టి, రాయికి రెండోవైపు పట్టుకోవడానికి వంగింది.