మోకు ఓడిన పందెం

1958 ఫిబ్రవరి, రెండో గురువారం. పొద్దున తొమ్మిదిన్నరకు ఆళ్లగడ్డ బయటి బీడులో సుబ్బారెడ్డి తన ఎద్దుల మెడమీద నుంచి కాడి దించేశాడు. ప్రొడ్యూసర్‌గా నేను తీస్తున్న మొదటి సినిమా కూడా ఆ కాడితోపాటే నేలకు దిగింది.

ప్రొడ్యూసర్ అంటే పెట్టుబడి పెట్టి కుర్చీలో కూర్చునేవాడని చాలామంది అనుకుంటారు. అది సగం మాట. కెమెరా ముందుకు రావలసిన ప్రతి మనిషినీ, ప్రతి గొడ్డునూ ఒప్పించి నిలబెట్టడమే అసలు పని. ఆ తర్వాత ముప్పై ఏళ్లు సినిమాలు తీశాను, ముసలితనంలో టీవీకి సీరియళ్లూ తీశాను. పని నేర్చుకున్నది మాత్రం ఆ బీడులోనే.

మా కథ చివర బండలాగుడు పందెం ఉంది. రెండు జతల ఎద్దులు ఒకదాని తర్వాత ఒకటి అదే బండను లాగుతాయి. ఎక్కువ దూరం లాగిన జత గెలుస్తుంది. స్టూడియోలో కుదిరేది కాదు గనక అవుట్‌డోర్ పెట్టుకున్నాం. అంటే కెమెరాను మద్రాసు నుంచి తెచ్చి ఆరుబయట తీయడం. వేషాలు వేసేవాళ్ల పని ముందురోజే అయిపోయింది. ఇక ఎద్దులు, వాటిని తోలే రైతులే మిగిలారు. కెమెరా ఆ సాయంత్రం నంద్యాలలో రైలెక్కి వెనక్కి పోవాలి. పందెం తీయకపోతే సినిమాకు ముగింపు లేదు. ముగింపు లేని సినిమాను ఎవడూ హాల్లో ఆడించడు.

హీరో ఎద్దులుగా బండి ఆత్మకూరు అనే ఊరి రైతు మద్దిలేటి జతను పెట్టాం. వాటి లాగుడు ఎండ ముదరకముందే తీసేశాం. విలన్ ఎద్దులుగా సుబ్బారెడ్డి జత. అవి ఓడాలి. ఆ సంగతి నేను ఆయనకు చెప్పలేదు. "మీ ఎద్దులు సినిమాలో పడతాయన్నా" అన్నానంతే. ఆయన కొమ్ములకు రంగేసి, మెడలకు కొత్త గంటలు కట్టి తోలుకొచ్చాడు. డైరెక్టర్ సీను చదివి వినిపిస్తే గానీ అసలు మాట తెలియలేదు. తప్పు నాదే. అప్పటికి నాకు చదువు రాదు, కానీ అది సాకు కాదు. ఎద్దు ఓడితే రైతు తలెత్తుకోలేడని తెలియడానికి ఈ సీమలో పుట్టినవాడికి చదువెందుకు?

"ఏందప్పా, నా ఎద్దులు ఓడిపోవాల్నా?" అన్నాడు సుబ్బారెడ్డి.

"ఉత్తుత్తికేనన్నా. సినిమా కదా."

"హాల్లో కూచున్నోళ్లందరికీ ఉత్తుత్తిదని నువ్వు పోయి చెప్తావా? ఊరూరా ఆడిస్తావు. మా ఎద్దులు ఊరూరా ఓడతాండాల్నా?"

డైరెక్టర్ శేషగిరిరావు కోస్తావాడు, మెత్తటి మనిషి. "చివర్లో పగ్గాలు కాస్త వెనక్కి పట్టండి రెడ్డిగారూ, అవే ఆగిపోతాయి" అన్నాడు.

"ఎద్దుకు అబద్ధం నేర్పమంటాండావా సామీ?"

పక్కన నిలబడ్డ మద్దిలేటి నవ్వాడు. "ఓడేటివి ఓడతాయి. దానికింత రగడేంది సుబ్బారెడ్డన్నా?"

"అంత సులువైతే నీవి ఓడనీ."

"నావా? వాటికది చేతగాదప్పా!"

గడ్డం పట్టుకుని బతిమాలాను. ఆయన కదల్లేదు. మధ్యాహ్నమైంది. సుబ్బారెడ్డి తల్లి నాగమ్మవ్వ జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి గంపలో పెట్టుకుని వచ్చింది. రొట్టెలు పంచుతూ అందరి మాటలూ విన్నది. చివరికి అన్నది:

"ఎద్దులెందుకు ఓడాల? మోకు ఓడనీ."

మోకు అంటే బండను కాడికి కట్టే లావుపాటి తాడు. డైరెక్టర్‌కు అర్థం కాలేదు.

"మోకు తెగితే ఎద్దుల తప్పేముంది నాయనా? వాటి బలానికి మోకు చాల్లేదనుకుంటారు. మీ హీరో గెలుస్తాడు, మా ఎద్దులూ ఓడవు."

శేషగిరిరావు పెన్సిల్ తీసి అక్కడికక్కడే సీను మార్చాడు. సుబ్బారెడ్డి మీసం మీదికి చెయ్యి పోయింది. అంతలో మద్దిలేటి లేచాడు.

"అట్లయితే మోకు తెంచేది నా ఎద్దులే. గెలుపు ఆయన్నే తీసుకోమను!"

"నీది పొద్దున్నే తీసేసినాం కదప్పా" అన్నాను.

"మళ్లా లాగుతా!"

అంతవరకు ఓడనంటే ఓడనన్న ఇద్దరూ ఇప్పుడు ఓటమి కోసం కొట్లాటకు దిగారు. అవ్వే తేల్చింది. "మాట నాది, మోకు మాది, తెగేది మా ఎద్దులకే. నువ్వు రొట్టె తిను మద్దిలేటీ."

కెమెరా ఒకసారి తిప్పి తీసే ముక్కను టేకు అంటారు. మాకు రెండు టేకులకే ఫిలిం మిగిలింది. మోకును కొడవలితో సగం కోసి, కోసిన చోట మట్టి పూశాం. కెమెరామన్ జోసెఫ్ తిప్పడం మొదలుపెట్టాడు. మోకు తెగలేదు. ఎద్దులు బండను ఈడ్చుకుంటూ పొద్దున మద్దిలేటి జత ఆగిన గుర్తు కూడా దాటిపోయాయి. పందెం చూడవచ్చిన జనం ఈలలు. డైరెక్టర్ నేలమీద కూలబడ్డాడు.

"చెప్పలే? ఓడేది వాటికి తెలీదు" అన్నాడు సుబ్బారెడ్డి, ఛాతీ విరుచుకుని.

"కొడవలి బేగా ఇట్లియ్యి" అని అవ్వ తనే కూర్చుని, ఒక్క పురి మిగిల్చి తక్కినదంతా కోసింది.

రెండో టేకు. మూడడుగులు వేశాయో లేదో, మోకు ఫట్‌మని తెగింది. ఎద్దులు గంటలు మోగించుకుంటూ పక్క చేలోకి దూకాయి. సుబ్బారెడ్డి వెల్లకిలా పడి, నవ్వుకుంటూ లేచాడు. విలన్ మనిషి నవ్వకూడదు. కానీ ఫిలిం అయిపోయింది. ఆ నవ్వు అట్లాగే ఉండిపోయింది.

కెమెరా రైలందుకుంది. నంద్యాల హాల్లో బొమ్మ పడిననాడు హీరో ఎద్దులకు చప్పట్లు వచ్చాయి. మోకు తెగినప్పుడైతే హాలు లేచి నిలబడి, ఆ ముక్క మళ్లీ వెయ్యమన్నది. సుబ్బారెడ్డి నా తొడమీద చరిచి, "చూసినావా, ఓడినట్టుండాదా?" అన్నాడు.

అప్పటినుంచి ఏ సీను తీసినా ముందు ఒకటే అడిగేవాణ్ణి: ఇందులో ఓడేదెవరు? ఆ మనిషి దగ్గరికి నేనే పోయి, ఆ మాట నా నోటితో చెప్పేవాణ్ణి.

సినిమా మొదట్లో పనిచేసినవాళ్ల పేర్లు వేస్తారు. అప్పట్లో నాకు అక్షరాలు రావు గనక అందరి పేర్లూ పడ్డాయనే అనుకున్నాను. నలభై రెండో ఏట చదవడం నేర్చుకుని మళ్లీ చూస్తే, కావలసిన పేర్లే లేవు. అందుకే ఇప్పుడు నా చేత్తో రాస్తున్నాను. ఆ రోజు ఆ బీడులో ఉన్నది: డైరెక్టర్ శేషగిరిరావు, కెమెరా తిప్పిన జోసెఫ్, పందెమని తరలివచ్చిన ఊరి జనం, బండి ఆత్మకూరు మద్దిలేటి, అతని ఎద్దులు నందిగాడు, బసవడు, ఆళ్లగడ్డ సుబ్బారెడ్డి, ఆయన ఎద్దులు సింగడు, గంగడు, నేను, ఇంకా మా కథకు ముగింపు రాసిన నాగమ్మవ్వ. ఆమెకూ అక్షరాలు రావు.