దసరా పూజలో హార్డ్ డిస్కు

ఒక కార్ఖానా ఏడాది శ్రమను ఒక్క పూజతో తుడిచిపెట్టిన మేధావి ఎవరని మీరు అడగవచ్చు. ఆ ఘనత నాదే. తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలన్నంత కోపం వస్తుంది.

నాచారంలో పంపు భాగాలు చేసే చిన్న కార్ఖానాలో నేను ఆఫీసు మేనేజరును. అక్కడి కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి కలిపి ఉండేవి. డ్రాయింగులు గీసే అమ్మాయి పేరు స్వరూప. ఆమె తన ఫైళ్లన్నిటికీ ఒక నకలును విడి హార్డ్ డిస్కులో ఎక్కించి, వైరు ఊడదీసి, బీరువాలో దాచేది.

"వైరస్ వస్తే కంప్యూటర్లన్నీ పోతయ్ సార్. ఇదొక్కటి దూరంగుంటే మనం బతుకుతం" అనేది.

ఆ ఏడు దసరా మర్నాడే ఒక పెద్ద కొనుగోలుదారుకు కొత్త పంపు డ్రాయింగులు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆర్డరు మల్లాపూర్‌లోని మా పోటీదారుకు పోతుంది.

ఆయుధ పూజకు లేతు మిషన్లన్నిటికీ దండలు వేశారు. కంప్యూటర్ల మీద మాత్రం ముష్టి వేసినట్టు తలా ఒక బంతిపువ్వు విసిరారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇవి ఆయుధాలు కావా? అన్నీ ఆన్ చెయ్యుండ్రి! ఆ డిస్కు గూడ తెచ్చి తగిలియ్యుండ్రి!"

"దానికి పైనుంచే బొట్టు పెడదాం సార్. వైరెందుకు?" అంది స్వరూప.

"లోపలున్న ఫైళ్లకు ఆశీర్వాదం ఎట్ల అందుతది మరి?"

యజమాని ఆమెను పక్కకు పిలిచారు. "వాదన పెట్టుకోకమ్మా, ఆయనకు బీపీ ఉంది."

డిస్కు తగిలించారు. ఉప్పల్‌లో ఒక దుకాణంలో భక్తిపాటలు ఎక్కించుకొచ్చిన పెన్ డ్రైవును నేనే స్వహస్తాలతో గుచ్చాను. "పొద్దున ఉద్వాసన దాకా ఏదీ ముట్టుకోవద్దు, ఆపవద్దు" అని కాగితం మీద రాసి, సంతకం చేసి, తలుపుకు అంటించాను కూడా. శత్రువుకు కోట తాళాలతో పాటు తీరిక కూడా ఇచ్చానన్నమాట.

మర్నాడు ఏ ఫైలు తెరిచినా పిచ్చి గీతలే. డిస్కులోనూ అంతే. స్వరూప ముఖం పాలిపోయింది. నేను వీరభద్రుడినయ్యాను.

"ఎవడు తెచ్చిండు ఈ దరిద్రం? నిజం చెప్పేదాక ఎవరికీ చాయ్ లేదు!"

అందరి జేబులూ తనిఖీ చేశాను. వాంగ్మూలాలు రాసుకున్నాను. లేతు మీద పనిచేసే యాదగిరి జేబులో జర్దా డబ్బీ దొరికితే దానినీ అనుమానించి, వాసన చూసి, గుక్క తిప్పుకోకుండా తుమ్మాను.

ఇంతలో చిల్కానగర్ నుంచి రిపేరు మనిషి వచ్చి అంతా పరీక్షించాడు.

"వైరస్ ఈ పాటల పెన్ డ్రైవు నుంచే వచ్చింది. ఎవరిది సార్ ఇది?"

అందరూ నన్నే చూస్తున్నారు. చివరికి యాదగిరి వినయంగా అడిగాడు:

"ఇగ చాయ్ తాగొచ్చా సార్?"

యజమాని కొనుగోలుదారును బతిమాలి కొంత గడువు తెచ్చారు. స్వరూప అంతకుముందే తయారుచేసి ఉంచిన నమూనా పంపును విప్పి, ముక్కముక్కా కొలిచి, డ్రాయింగులన్నీ మళ్లీ గీసింది. కొలతలు పట్టే సహాయకుడిని నేనే.

"జర గట్టిగ పట్టుండ్రి పెద్దసార్. ఇది పంపు, మీరు రాసుకునే వాంగ్మూలం కాదు" అని గద్దించేది. కిక్కురుమనకుండా పట్టుకునేవాడిని.

ఆర్డరు దక్కింది. మరుసటి దసరాకు యజమాని నా చేతికొక కొబ్బరికాయ ఇచ్చి గేటు దగ్గర నిలబెట్టారు.

"మీ పూజ ఇక్కడిదాకనే మేనేజర్ సాబ్. లోపల స్వరూప చూసుకుంటది."

కాబట్టి సకల దేవతల సాక్షిగా, పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడీ లేకుండా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో నా భక్తికి మళ్లీ వైరు తగిలించను.