హ్యావ్ పక్కన రావాల్సిన మాట

నాన్నకు పక్షవాతం వచ్చింది పుష్యమాసంలో, మామిడి తోటలో పూత విచ్చుకుంటున్న రోజుల్లో. కుడిచెయ్యి చచ్చుబడింది, నోట మాట పడిపోయింది. విజయవాడ ఆస్పత్రిలో పదిహేను రోజులుంచుకుని పంపేశారు. మాటలు లోపలే ఉన్నాయి, బయటికొచ్చే దారే దెబ్బతింది, ఓపిగ్గా ఉండండి అన్నాడు డాక్టరు. అమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు. నూజివీడులో నా ఉద్యోగానికి సెలవు పెట్టి, చాట్రాయి వెళ్ళే దారిలో ఉన్న మా తోట ఇంట్లో ఆయనతో ఉండిపోయాను.

ఇంటికొచ్చిన మూడో రోజున ఆయన నోట్లోంచి ఒక మాట వచ్చింది. "హ్యావ్."

ఏం కావాలి నాన్నా అని అడిగాను. మళ్ళీ అదే మాట. మంచినీళ్ళు కావాలన్నా హ్యావ్, దుప్పటి కప్పమన్నా హ్యావ్, కిటికీ తలుపు వెయ్యమన్నా హ్యావ్. ఆయన ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన మనిషి. అయినా పుట్టినప్పటి నుంచీ మాట్లాడిన తెలుగంతా పోయి ఆ ఒక్క ఇంగ్లీషు ముక్క మిగలడం నాకు మింగుడు పడలేదు. నేను దుప్పటి బదులు నీళ్ళు అందిస్తే, కళ్ళు మూసుకుని గోడవైపు తిరిగేవారు.

ఆ రోజులు ఇప్పటికీ నాకు నిద్రలో జరిగినట్టే గుర్తున్నాయి. పొద్దున్నే మంచు. ఎనిమిదింటి దాకా చెట్లు కనిపించేవి కావు, పూత వాసన మాత్రం వసారాలోకి వచ్చి కూర్చునేది. ఎండెక్కాక తేనెటీగల రొద మొదలయ్యేది, ఎక్కడా ఆగకుండా, సాయంత్రం దాకా. ఆయన మంచం, పక్కన నా కుర్చీ. ఇద్దరం మాటల్లేకుండా ఆ రొద వింటూ, మెలకువకీ కునుక్కీ మధ్య ఎక్కడో ఉండేవాళ్ళం. అది ఏ వారమో కూడా తెలిసేది కాదు నాకు.

తోట పనికి వచ్చేవాళ్ళలో నా ఈడుది ఒకామె ఉండేది. చిన్నప్పటి నుంచీ చూస్తున్న మనిషే గానీ, పలకరింపుకు మించి మాట్లాడింది లేదు. ఒక మధ్యాహ్నం మంచినీళ్ళ కోసం వసారా దగ్గరికి వచ్చింది. నాన్న ఆమెను చూసి, "హ్యావ్" అన్నారు.

ఆమె బిందె కింద పెట్టింది. చేతులు కట్టుకుని, నిటారుగా నిలబడి, "టీ" అంది.

నాన్న కళ్ళు పెద్దవయ్యాయి. ఎడంచేత్తో మంచం పట్టె మీద కొట్టి, మళ్ళీ "హ్యావ్" అన్నారు.

"ఎ బాత్," అంది ఆమె. ఆయన మళ్ళీ కొట్టారు. "ఎ ఫీవర్" అంది. "ఎ లుక్" అంది. అలా నాలుగైదు అయ్యాక ఆయన పెదవులు కూడదీసుకుని, ఎంతో కష్టపడి, "టీ" అన్నారు. అని, వంటింటి వైపు చెయ్యి చూపించారు.

నేను లోపలికి పరిగెత్తాను. ఆయనకేం కావాలో తెలిసి నేను చేసిన మొదటి పని ఆ టీ పెట్టడం.

నీకిదెలా తెలుసని ఆమెను అడిగితే, ఏడో తరగతి దాకా సార్ దగ్గరే చదువుకున్నానని చెప్పింది. క్లాసులో ఆయన బల్ల మీద కొట్టి ఒక క్రియ చెప్పేవారట. దాని పక్కన రావాల్సిన మాట పిల్లలు చెప్పాలట. ఇంగ్లీషులో క్రియలకి జత మాటలుంటాయి, జత మార్చి చెబితే వినేవాడు నవ్వుతాడు అనేవారట. అన్నిటికన్నా ముందు హ్యావ్ నేర్పేవారట.

ఆ మాట విన్నాక నాకూ ఒకటి గుర్తొచ్చింది. ఎప్పుడో అన్నం తింటూ ఆయన అమ్మతో అంటున్నారు. మనం స్నానం చేస్తాం, టీ తాగుతాం, కునుకు తీస్తాం, కల కంటాం, గొడవ పడతాం, జ్వరం తెచ్చుకుంటాం. ఇంగ్లీషువాడు అన్నిటికీ ఒక్క హ్యావ్ పెట్టుకుని బతికేస్తాడు. ఆ ఒక్క మాటకి సరైన మాట మనకి లేదు, పిల్లలకి ఎలా చెప్పను? అమ్మ పట్టించుకోకుండా పెరుగు వడ్డించింది.

మర్నాటి నుంచి ఆమె మధ్యాహ్నం అన్నం తిన్నాక వసారాలోకి వచ్చేది. వచ్చి అరుగు మీద కూర్చునేది. ఇప్పుడు క్రియ చెప్పేది ఆమె, జత మాట వెతుక్కునేది సారు. ఆయన "ఎ బాత్" అంటే, నేను పక్క నుంచి "స్నానం చేస్తారా?" అనేదాన్ని. కొన్నాళ్ళకి "స్నానం" అన్నారు. తర్వాత "వద్దు" అన్నారు. ఇంగ్లీషు మాట ముందు వస్తే, దాని వెనకాల తెలుగు మాట మెల్లిగా గడప దాటి వచ్చేది. పూత రాలి, పిందెలు పట్టి, కొమ్మలు వంగే వేళకి ఆయన మూడు మాటలు కలిపి చెప్పగలిగారు.

ఒక రోజు ఆమె "హ్యావ్" అంటే ఆయన "ఎ డ్రీమ్" అన్నారు. ఏం కల సార్ అని అడిగింది. చాలాసేపు తడుముకుని, "చెట్లు... నడుస్తున్నాయి" అన్నారు. ఎక్కడికి వెళ్తున్నాయని అడిగింది. "బడికి," అన్నారు. ఆ మాటతో అలిసిపోయినట్టు కళ్ళు మూసుకున్నారు.

ఆయన నిద్రపోయారనుకున్నాను. గొంతు తగ్గించి, ఇంత బాగా చదివేదానివి ఏడుతో ఎందుకు ఆపేశావని ఆమెను అడిగాను. ఆమె దాచుకోవాల్సిందేమీ లేనట్టు చెప్పింది.

"గాలివానకి కాయ రాలిందండి. ఏరేవాళ్ళు చాలక పిల్లల్ని కూడా పిలిచారు. అమ్మతో పాటు నేనూ వచ్చాను, మీ తోటకే. అటు సార్ వచ్చారు. నన్ను చూశారు."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదండి. చూసి వెళ్ళిపోయారు. ఇంక మర్నాడు బడికి వెళ్ళబుద్ధి కాలేదు."

ఆ ఏడు నేను నూజివీడులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. ఆ ఎండాకాలం సెలవులకి వచ్చి, ఆమె ఏరిన కాయలతో పెట్టిన ఆవకాయే తినుంటాను. మంచం వైపు చూస్తే, నాన్న కళ్ళ రెప్పలు అదురుతున్నాయి.

మర్నాడు ఆమె వచ్చి "హ్యావ్" అంటే ఆయన తల అడ్డంగా ఊపారు. చాలాసేపు పైకప్పు దూలాల వైపు చూశారు. తర్వాత పట్టె మీద కొట్టి, "మేక్" అన్నారు.

ఆమె నా వైపు చూసింది. మూడు నెలల్లో ఆయన నోటి నుంచి ఇంకో ఇంగ్లీషు క్రియ రాలేదు.

"టీ, సార్?" అంది. కాదన్నారు. "ఎ నాయిస్?" కాదన్నారు. "ఫ్రెండ్స్?" కాదు. ఆయన ఎడంచెయ్యి ఎత్తి గుండె మీద పెట్టుకుని, మళ్ళీ "మేక్" అన్నారు.

ఈసారి ఆమెకి మాట తట్టింది గానీ పైకి అనడానికే ఆగిందని నాకనిపించింది. చివరికి, "ఎ మిస్టేక్," అంది మెల్లిగా.

నాన్న తలూపారు. ఊపుతూనే ఉన్నారు. "నేను," అన్నారు తెలుగులో.

పర్వాలేదంటుందనుకున్నాను నేను. ఆమె ఆ మాట అనలేదు. "అవును సార్," అంది. లేచి, బిందె తీసుకుని, చెట్లలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ తర్వాత రోజూ రాలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి నాన్న వసారా మెట్ల వైపు చూసేవారు. మూడో రోజు నేనే వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తోంది. నన్ను చూసి లేవబోతే వద్దని, పక్కనే కూర్చున్నాను. ఒంట్లో బాగోలేదా అని అడిగాను.

"బాగానే ఉందండి. ఏడుపొచ్చింది, అందుకని రాలేదు. ఇన్నాళ్ళూ నేనే చదువు మానేశాననుకున్నాను. ఆ రోజు సార్ బడికి రమ్మనుంటే వెళ్ళేదాన్నేమో." ఇంకో మిరపకాయ తొడిమ తీసి, తలెత్తకుండానే అడిగింది. "ఎనిమిదో తరగతి పుస్తకం దొరుకుతుందాండి?"

విస్సన్నపేటలో తెలిసిన టీచర్ని అడిగితే, అట్ట చిరిగిన పుస్తకం ఒకటి ఇచ్చింది. కోతలు మొదలయ్యాయి అప్పటికి. పొద్దున్నంతా ఆమె చిన్నరసాలు ఏరి గంపలకెత్తేది, ఎండ ముదిరాక వసారాలోకి వచ్చేది. నాన్న అరుగు వద్దని తల ఊపి, నా కుర్చీ చూపించారు. ఆమె కొంచెం తటపటాయించి కూర్చుంది. నేను మెట్ల మీదకి మారాను. ఆమె చదవడం, ఆయన తప్పు దిద్దడానికి మాట కోసం వెతుక్కోవడం, దొరికేదాకా ఆమె వేలు ఆ అక్షరం మీదే పెట్టి ఉంచడం. ఒక్కో పేజీకి రెండు మూడు మధ్యాహ్నాలు పట్టేది.

కొన్నేళ్ళకి ఆమె ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్ష రాసింది. లెక్కలు రెండోసారికి పాసయ్యింది, ఇంగ్లీషు మాత్రం మొదటిసారే. నాన్న ఇప్పుడు కర్ర పట్టుకుని తోటలో నాలుగు చెట్ల దాకా నడుస్తారు. అలిసిపోయినప్పుడు కొన్ని మాటలు ఇప్పటికీ దొరకవు, అప్పుడు ఊరుకుంటారు.

మొన్న ఎండలు మొదలయ్యాక, పని లేని రోజున ఆమె కొత్త పుస్తకం తెచ్చుకుంది. చదువుతుండగానే నాన్నకి నిద్ర పట్టేసింది. ఆమె ఆపలేదు, గొంతు మాత్రం తగ్గించి చదువుకుంటూ పోయింది. మెట్ల మీద స్తంభానికి ఆనుకుని నేనూ కళ్ళు మూసుకున్నాను. ఎక్కడో కాయ రాలిన చప్పుడైంది. ఆమె పేజీ తిప్పింది.