"స్" ఎక్కడ పోతోంది

గుంటూరులో ఉండే టీచరమ్మ, కంప్యూటర్ తెర మీద, నోటికి ఒక అట్టముక్క అడ్డం పెట్టుకుని "ఆ" అంది. నా కూతురు చేతిలోని చింతగింజను డబ్బాలో వేసింది. "ఊ" అంది. ఇంకో గింజ పడింది. "ఈ", "మ్", "ష్" కూడా అయ్యాయి. చివరిది "స్". పాప గింజను చెంప దగ్గర పెట్టుకుని అలాగే కూర్చుంది. గింజ పడలేదు.

"ఇంకోసారి చెప్తున్నానమ్మా" అంది టీచరమ్మ. ఆ తర్వాత అట్ట వెనక ఆమె "స్" అందో లేదో నాకూ తెలియలేదు. స్పీకర్లో ఏదో గరగరమంది, బొమ్మ బిగుసుకుపోయింది. కళ్లు సగం మూసుకుని, అట్ట అడ్డం పెట్టుకుని ఆమె అలాగే ఉండిపోయింది. పాప కాసేపు చూసింది. తల పక్కన అయస్కాంతంతో అంటుకుని ఉండే బిళ్లను ఊడదీసి ఒళ్లో పెట్టుకుంది. ఆ బిళ్ల తీస్తే దానికి ఇక ఏ శబ్దమూ ఉండదు.

పాపకు పుట్టుకతోనే వినపడదు. నిరుడు ఆపరేషన్ చేసి చెవి లోపల ఒక పరికరం పెట్టారు. పరికరం పెట్టగానే సరిపోదు, దానితో వినడం నేర్పాలి. శబ్దం వినపడితే గింజ వేయాలి, పెదవులు చూసి పోల్చుకోకుండా ఆ అట్ట. వారానికి రెండుసార్లు గుంటూరు పోయి రావడం మావల్ల కాక, మంగళవారం, శుక్రవారం పాఠాలు కంప్యూటర్లో పెట్టుకున్నాం.

ఆ రోజు టీచరమ్మ నాకు ఫోన్ చేసింది. "అమ్మా, 'స్' నెట్టులో పోతోందా, పాపకే వినపడట్లేదా అన్నది ఇక్కణ్ణుంచి నాకు తెలియట్లేదు. పాపకే వినపడకపోతే మిషన్ సెట్టింగ్ మార్చి చూడాలి. ఒక్కోసారి లోపలి భాగంలోనే తేడా ఉండొచ్చు. వచ్చే శుక్రవారం మా పెద్ద మేడం కూడా కూర్చుంటారు. అప్పటికి నెట్టు సంగతి చూడండి."

లోపలి భాగంలో తేడా అంటే మళ్లీ ఆపరేషన్. ఆ మాట ఆమె అనలేదు. నేనూ అడగలేదు.

ఫోన్ పెట్టేసి పాప వెనక నిలబడి "స్" అన్నాను. గింజ పడింది. మళ్లీ అన్నాను, మళ్లీ పడింది. మా అత్త గుమ్మానికి ఆనుకుని చూస్తోంది.

"నీ ఊపిరి తగిలి ఏసిందేమో. అంత దగ్గర నిలబడితే ఎవరికైనా తెలుస్తాది" అంది.

వెనక్కి జరిగి, గోడకు ఆనుకుని అన్నాను. ఈసారి పడలేదు. ఇంకోసారి అంటే పడింది. ఆ పడని ఒక్కసారి ఆ వారమంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

మాది మార్కాపురంలో పలకలు కోసే షెడ్లున్న వీధి. పొద్దున్నుంచి మిషన్ల రొద. ముందు గది, మధ్య గది, వెనక గది రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. నెట్టు వైరు ముందు గదిలోకి వస్తుంది, రూటరు అక్కడి గోడకే ఉంది. వినడం నేర్చుకునే పాపకు నిశ్శబ్దం కావాలి కాబట్టి కంప్యూటర్ వెనక గదిలో పెట్టక తప్పలేదు. ఫోన్లో చూపిద్దామంటే, అట్ట తీసి మాటలు నేర్పేటప్పుడు పెదవులు బియ్యపుగింజంత కనపడతాయి. రూటరు నుంచి నేరుగా వైరు లాగుదామన్నా కుదరదు. అది పాత కంప్యూటర్, వైరు గుచ్చే చోటు పనిచేయదని అమ్మినతను ముందే చెప్పాడు. వైఫై అందుకోవడానికి వెనకాల గుచ్చిన వేలెడంత డాంగిలే దానికి దిక్కు.

కేబులతను వచ్చి రూటరు పక్కన నిలబడి తన ఫోన్లో చూశాడు. "ఫుల్లు వస్తా ఉందక్కా. మా లైన్లో ఏం లేదు" అన్నాడు. వెనక గదిలోకి రమ్మంటే గుమ్మం దాకా వచ్చి, "నీ కంప్యూటర్ పాతది గదా" అని వెళ్లిపోయాడు.

రూటరు ఆపి మళ్లీ పెట్టాను. డాంగిల్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది ఎక్కించాను. రూటరు ఛానల్ మార్చాను. ఒక పొడుగు వైరు కొని, డాంగిల్‌ను కంప్యూటర్ వెనక నుంచి తీసి బల్ల అంచుకు తెచ్చాను. కాస్త నయమనిపించింది, సాయంత్రానికి మళ్లీ మామూలే. డిగ్రీలో చదివిన కంప్యూటర్లు పెళ్లయ్యాక చాలావరకు మర్చిపోయాను గానీ పింగ్ ఒకటి గుర్తుంది. మన కంప్యూటర్ నుంచి ఒక పలకరింపు పంపితే, అవతలిది ఎంతసేపటికి బదులిచ్చిందో నల్ల తెర మీద వరసగా చూపిస్తుంది. ఎక్కడో ఉన్న సర్వర్‌ను కాదు, మా ముందు గదిలోని రూటరునే పలకరించాను. రెండు బదులిచ్చింది, మూడోది లేదు. ఇంకొకటి చాలా ఆలస్యంగా వచ్చింది. అంటే తప్పు ఊళ్లో లేదు, తీగలో లేదు. మా ఇంట్లోనే ఉంది.

ఫోన్ పట్టుకుని ముందు గది నుంచి ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చాను. మధ్య గది గుమ్మం దాటాక కూడా వైఫై గీతలు నిండుగానే ఉన్నాయి. నీళ్ల డ్రమ్ములు దాటి వాటి వెనక నిలబడ్డాను. గీతలు పడిపోయాయి. ముందుకు వస్తే లేచాయి. మళ్లీ వెనక్కి పోతే పడ్డాయి.

మా ఇంట్లో నీలం డ్రమ్ములు నాలుగు. కింద కుళాయి తిప్పుకోవడానికి వీలుగా బండల మీద ఎత్తుగా పెట్టి, మధ్య గది గోడ వెంబడి వరసగా ఉంచింది మా అత్త. బయట పెడితే నీళ్లు కాగిపోతాయి, దుమ్ము పడుతుంది. అంతకుముందు ఒక మంగళవారం టాంకర్ రాక అవి అడుగంటి ఉన్నాయి. ఆ రోజు పాఠం ఒక్కసారి కూడా ఆగలేదు. మా అదృష్టం అనుకుని ఊరుకున్నాను. ఫోన్లో వెతికి చదివితే, వైఫైని నీళ్లు పీల్చేసుకుంటాయని ఉంది.

రూటరును డ్రమ్ముల కంటే ఎత్తుకు, మధ్య గది తలుపు పైన సజ్జ మీదికి మార్చాలి. వచ్చే వైరు అక్కడిదాకా అందదు. కేబులతనికి ఫోన్ చేస్తే రేపు వస్తానన్నాడు. మర్నాడు ఎత్తలేదు. ఆ పైరోజు మళ్లీ రేపన్నాడు.

"అత్తా, శుక్రవారం దాకా ఆ డ్రమ్ములకు నీళ్లు పట్టొద్దు. వంటింట్లో బిందెలకు పట్టుకుందాం" అన్నాను.

"ఏంది?"

"డ్రమ్ములు నిండుంటే నెట్టు అవతలి గదికి పోవట్లేదు."

ఆమె డ్రమ్ముల వైపు చూసింది. "గోడలో నుంచి పోయేది నీళ్లలో నుంచి పోదా?"

"పోదంట."

"ఎవరు చెప్పినారు?"

"ఫోన్లో చదివినాను."

"ఫోన్లో" అంది ఆమె. కొంగు బిగించుకుంది. "చూడమ్మాయ్, ఎండాకాలం టాంకర్ ఒకపొద్దు వస్తాది, ఒకపొద్దు రాదు. మీ మామ పోయినపొద్దు గూడా బయట హారన్ మోగితే లేసిపోయి నీళ్లు పట్టుకున్నాను. పట్టకపోతే వచ్చినోళ్లకు కాళ్లు కడుక్కోను కూడా లేవు. నాకు నీళ్ల సంగతి చెప్పొద్దు."

"నీళ్లు ఎట్లనో తెచ్చుకోవచ్చు. దాని తల మళ్లా కోస్తామంటే ఎవరు ఓర్చుకోవాలి?"

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆమె వంటింట్లోకి పోయింది.

మా ఆయన సాయంత్రం కొనకనమిట్ల దగ్గరి చేను నుంచి వచ్చి ఇద్దరి మాటా విన్నాడు. "టాంకర్ గురువారం గదా. శుక్రవారానికి కొంత వాడేస్తాంలే" అని స్నానానికి లేచాడు.

గురువారం టాంకర్ రాలేదు. వీధిలో ఆడవాళ్లంతా బిందెలు పెట్టుకుని ఎదురుచూస్తుంటే నేను లోలోపల ఊపిరి పీల్చుకున్నాను. ఆ రాత్రికి డ్రమ్ముల్లో నీళ్లు కుళాయి మట్టానికి దిగాయి.

శుక్రవారం పెద్ద మేడం తెర మీదికి వచ్చింది. పెద్దావిడ, కళ్లద్దాలు, ఎక్కువ మాట్లాడదు. పింగ్ నల్ల తెరను ఒక మూలకు పెట్టి వదిలాను. బదులు వెంట బదులు సరిగా వస్తోంది. "ఆ" అయింది. "ఊ" అయింది. అప్పుడు బయట టాంకర్ హారన్ మోగింది.

ముందు గదిలో అత్త పైపు లాగుతున్న చప్పుడు. ఖాళీ డ్రమ్ములో నీళ్లు పడి డబడబమన్నాయి. పాప తల అటు తిప్పింది.

"ఏంటమ్మా ఆ చప్పుడు?" అంది పెద్ద మేడం.

"నీళ్ల టాంకరండీ."

"పాపకు వినపడింది, చూశారా" అని ఆమె టీచరమ్మకు చెప్పింది. "ఈ" కూడా అయింది. మూల నల్ల తెరలో అంకెలు పెరగడం మొదలైంది. నీళ్ల చప్పుడు డబడబ నుంచి మెల్లగా మారుతోంది, డ్రమ్ము నిండుతోంది. "మ్" సగంలో తెగింది. ఇద్దరి మొహాలూ గళ్లుగళ్లుగా విడిపోయి ఆగిపోయాయి. పాప చేయి తల మీది బిళ్ల దగ్గరికి పోయింది. దాని మణికట్టు పట్టుకున్నాను. అంతకుముందు ఎన్నడూ అట్లా పట్టుకోలేదు. అది భయంగా నా మొహంలోకి చూసింది. వదిలేసి మధ్య గదిలోకి పరుగెత్తాను.

అత్త రెండో డ్రమ్ములో పైపు పెట్టి నిలబడి ఉంది.

"అత్తా, పాప బిళ్ల తీసేస్తా ఉంది" అన్నాను.

ఆమె నన్ను దాటి వెనక గది గుమ్మం వైపు చూసింది. బయట నుంచి టాంకరతను, "పెద్దమ్మా, తొందరగా కానీ, ఇంకా వీధంతా ఉంది" అని అరిచాడు. ఆమె పైపు బయటికి లాగింది. నీళ్లు నేలంతా చిమ్మాయి. పైపును వంటింట్లోకి ఈడ్చుకుపోయి, మళ్లీ వచ్చి నిండిన డ్రమ్ము కుళాయి తిప్పి కింద బిందె పెట్టింది.

"పో. నువ్వు లోపలికి పో" అంది.

నేను వచ్చేసరికి బిళ్ల పాప తల మీదే ఉంది. కాసేపటికి తెర మీద గళ్లు ఒక్కొక్కటే అతుక్కున్నాయి. "ఉన్నారామ్మా?" అన్న గొంతు వచ్చింది. ఉన్నామన్నాను. పక్క గదిలో బిందె తర్వాత బిందె నిండుతోంది. మళ్లీ "మ్", ఆపైన "ష్". గింజలు పడ్డాయి. పెద్ద మేడం అట్ట సరిచేసుకుంది. నేను నల్ల తెర వైపు చూశాను. ఒక్క బదులు కూడా తప్పిపోవడం లేదు. ఇప్పుడు గింజ పడకపోతే నెపం నెట్టు మీద వేయడానికి లేదు.

స్పీకర్లోంచి సన్నగా "స్" వచ్చింది.

పాప గింజను చెంప దగ్గర పెట్టుకుని తెరను చూసింది. నన్ను చూడబోయి మానుకుంది. గింజ వేసింది.

పెద్ద మేడం చాలాసేపు ఏమీ అనకుండా ఊరుకుంది. శబ్దం లేకుండానే గింజ వేస్తుందేమో చూసే పరీక్ష అది అని తర్వాత తెలిసింది. పాప కదలలేదు. మళ్లీ "స్". గింజ పడింది. ఇంకోసారి, ఇంకాస్త మెల్లగా. పడింది.

"వినపడుతోంది. లోపల భయం లేదు. ఈసారి వచ్చినప్పుడు సెట్టింగ్ కొద్దిగా పెంచుదాం. పాఠాలు ఇలాగే కానివ్వండి" అంది.

వంటింట్లోకి పోతే కాలు పెట్టే చోటు లేదు. బిందెలు, బకెట్లు, ఇడ్లీ గిన్నె, కుక్కరు, పాప స్నానం తొట్టి, అన్నీ నీళ్లే. అత్త చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది.

"ఏమన్నారు?"

"వినపడతా ఉందంట."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. తుడిచిన చేతుల్నే మళ్లీ తుడుచుకుంది. తర్వాత ఒక బిందె ఎత్తి, "పట్టు, ఇవన్నీ మళ్లా డ్రమ్ములకు పొయ్యాల" అంది. ఇద్దరం పోశాం.

కేబులతను ఆదివారం వచ్చి రూటరును సజ్జ మీదికి మార్చాడు. అత్త నిచ్చెన పట్టుకుని కింద నిలబడి, "ఏం నాయనా, నీళ్లుంటే మీ నెట్టు పోదంట, నిజమేనా?" అని అడిగింది.

"నీళ్లకేం సంబంధం పెద్దమ్మా. సర్వర్ ప్రాబ్లం అయి ఉంటాది" అన్నాడు అతను.

అత్త నా వైపు ఒక చూపు చూసింది.

ఇప్పుడు డ్రమ్ములు నిండుగా ఉన్నా బొమ్మ చాలావరకు నిలబడుతోంది. కరెంటు పోయినప్పుడు ఎలాగూ పోతుంది. ఆ తర్వాతి మంగళవారం పాఠం మధ్యలో మళ్లీ టాంకర్ వచ్చింది. అత్త పైపు భుజాన వేసుకుని వెనక గది గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"టీచరమ్మ ఉందా?"

ఉందని తల ఊపాను. ఆమె పైపును వంటింటి వైపు తిప్పింది.